విడాకులయ్యాక కూడా అత్తగారింటితో

నేను కన్న కొడుకు నా దగ్గర ఉంటాడు. నేను పెంచిన కూతురు గుంటూరులో వాళ్ల నాన్న దగ్గర ఉండిపోతుంది. విడాకుల మాట అనుకున్న రోజు నుంచి నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఆయన మొదటి భార్య చనిపోయాక నన్ను చేసుకున్నారు. నేను బ్రాడీపేటలో ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి పాపకు మూడేళ్లు. తర్వాత బాబు పుట్టాడు. మేమిద్దరం ఎందుకు విడిపోయామన్నది ఇక్కడ అనవసరం.

లాయరమ్మ మొదటి రోజే ఉన్నమాట చెప్పారు: "బాబు సంగతి కాగితం మీద రాయించుకోవచ్చు. పాపను నువ్వు దత్తత తీసుకోలేదు, తండ్రి ఉన్నాడు. చూపించమని అడిగే హక్కు నీకు నేరుగా రాదమ్మా." గట్టు దాటిన చెరువులా ఏడుపొచ్చింది. నేను తేరుకున్నాక ఆవిడే దారి చూపించారు. ఒప్పంద పత్రంలో బాబు సెలవుల్లో గుంటూరు వెళ్లడం ఎలాగూ రాయాలి కాబట్టి, అక్కాతమ్ముళ్లు ఎప్పుడు ఎక్కడ కలవాలన్నదీ అందులోనే రాయిద్దామన్నారు. ఆయన కూడా కాదనలేదు. ఆ విషయంలో ఆయనకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలినే.

మాది హిందూ వివాహ చట్టం 13బి కింద, ఇద్దరి ఇష్టంతో వేసిన పిటిషన్. అది వేశాక కనీసం ఆరు నెలలు ఆగి, ఇద్దరం మళ్లీ కోర్టులో మా మాట చెప్పాలి. అన్నీ తేలిపోయి, కలిసే ఆశ లేకపోతే ఆ గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మేం అడగలేదు. ఆ ఆరు నెలల్లో పిల్లల రాకపోకలు ఎలా సాగుతాయో చూసుకున్నాం. రెండో శనివారం అనుకున్నది పాప ట్యూషన్‌ వల్ల ఆదివారానికి మారింది. ఇలాంటివి ముందే తెలియడం మంచిదైంది.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో అమ్మావాళ్ల దగ్గరికి వచ్చేశాను. "తెగిపోయిన చుట్టరికాన్ని ఇంకా పట్టుకుని వేలాడతావేంటే" అని అమ్మ గొడవ. అమ్మ బాధ నాకు తెలుసు. కానీ అత్తయ్య నాతో ఏం తెంచుకుంది? బాబును తీసుకుని నాన్‌స్టాప్ బస్సులో వెళితే, గుంటూరు బస్టాండులో పాపను పక్కన పెట్టుకుని కూర్చుని ఉండేది. చేతిసంచిలో గోంగూర పచ్చడి సీసా, మూతకు పాత గుడ్డముక్క కట్టి. "నూనె కారుద్ది, నిలువుగా పట్టుకో" అనేది. ఆ బెంచీ మీదే పాప నా ముందు కూర్చుని, "పిన్నీ, నువ్వైతే జడ గట్టిగా వేస్తావు" అని రిబ్బను చేతికిచ్చేది. పక్కన జనం ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. నేను మెల్లగా, వీలైనంత మెల్లగా వేసేదాన్ని.

అత్తయ్యకూ నాకూ మధ్య ఒక కట్టుబాటు ఉంది: ఆయన ఊసు ఎత్తం. ఆడపడుచు వదిన ఒకసారి ఫోన్లో ఆయన జీతం, అప్పులు అంటూ మొదలుపెట్టింది. "వదినా, అవి నాకొద్దు. పాపకు కళ్లజోడు మార్పించారా?" అన్నాను. తను అర్థం చేసుకుంది. ఈ ఒక్కటీ పాటించకపోతే మా రాకపోకలు నెల కూడా నిలిచేవి కావని నా నమ్మకం.

ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు చాలా భయపడ్డాను. కొత్తగా వచ్చినావిడకు నేను బరువనిపిస్తానేమోనని. పాప ఓణీల ఫంక్షన్‌కి ఆవిడే ఫోన్ చేసింది. "అక్కా, పీటల మీద కూర్చునేటప్పుడు మీరు పక్కన లేకపోతే పాప ఏడుస్తుంది" అంది. వెళ్లాను. ఓణీ ఆవిడ కట్టింది, పూలజడ నేను వేశాను. ఫొటోల్లో చుట్టాలు గుచ్చిగుచ్చి చూశారు. చూడనీ.

మీరూ ఇలాంటి పరిస్థితిలో ఉంటే ఒక్క మాట చెబుతాను. బడిలో పిల్లను తీసుకెళ్లగలవాళ్ల జాబితాలో మీ పేరు రాయించమని తండ్రినే అడగండి. పెద్దవాళ్ల నోటిమాట గేటు దగ్గర చెల్లదు. మాకు ఆ ఉత్తరం ఆయనే రాసిచ్చారు.

ఇప్పుడు పాప ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరింది. లోకల్ గార్డియన్ దగ్గర నా పేరు, నా ఫోన్ నంబరు రాశారు. అవుటింగ్ ఇచ్చిన ఆదివారం మా ఇంటికే వస్తుంది. తమ్ముడితో రిమోట్ కోసం కొట్లాడుతుంది. మా అమ్మ "దానికి పెరుగు వేశావా?" అని వంటింట్లోంచి అడుగుతుంది.