పుట అంచున ఒక పద్యం

నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఓ పాత రాతప్రతి తెరిచాను. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠం గ్రంథాలయంలో ఉంది. ప్రిషియన్ అనే పండితుడు రాసిన లాటిన్ వ్యాకరణం, 850 ప్రాంతంలో ఐరిష్ సన్యాసులు తోలు పుటల మీద ఎత్తి రాసింది. లాటిన్ వాళ్లకి పుట్టు భాష కాదు, కష్టపడి నేర్చుకున్నది. అందుకే గుదిగుచ్చినట్టు కలిపి రాసే మాటల మధ్య ఖాళీ వదలడం అలవాటు చేశారు. వరసల మధ్య చీమల బారులాంటి అక్షరాలతో వేలకొద్దీ అర్థాలు, వివరణలు.

ఒక పుట అంచున మాత్రం వ్యాకరణం లేదు. పాత ఐరిష్‌లో చిన్న పద్యం. ఈ రాత్రి గాలి చాలా కఠినంగా ఉంది, సముద్రపు తెల్లజుట్టును రేపేస్తోంది, ఇంక ఓడల్లో వచ్చే ఉత్తరాది దోపిడీగాళ్లు వైకింగులు వస్తారన్న భయం లేదు అని. వాళ్లొస్తే మఠాలు దోచుకునేవాళ్లు, తగలబెట్టేవాళ్లు. తుఫాను వచ్చిందని ఊపిరి పీల్చుకున్న మనిషి చేతిరాత అది! జూమ్ చేసి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. గొంతు పట్టేసింది.

పొద్దున అమ్మకి చూపించి చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. "అంత భయంలోనూ అక్షరాలు ఎంత గుండ్రంగా రాశాడే" అంది.