ఇంకో ఏడు భాగహారాలు చేసి ఉంటే

మా మనవడిది తొమ్మిదో తరగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో వాడు వెళ్ళే ట్యూషన్ సెంటరులో 4294967297 అనే సంఖ్య ఇచ్చి, దాని లక్షణాలు రాసుకుని రమ్మన్నారు. ఫోను ముట్టుకోకూడదట. ముప్ఫై రెండేళ్ళు పద్దులు రాసిన చెయ్యి ఇది, ఇలా తే అని కాగితం లాక్కున్నాను.

మొదట్లో అంతా సులువే. బేసి సంఖ్య. చివర 7 ఉంది కాబట్టి ఐదో ఎక్కంలో పోదు. అంకెల మొత్తం 59, మూడో ఎక్కంలోనూ పోదు. ఒకటి విడిచి ఒకటి కూడితే 21, 38. తేడా 17, కనుక పదకొండు కూడా కాదు. ఇంట్లో ఉన్న కాల్‌క్యులేటర్‌లో ఎనిమిది అంకెలకు మించి పట్టవు. కూరగాయల లెక్కకు తప్ప అలాంటివి కొనకండి.

దీని వర్గమూలం 65536 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యల్లో దేనితోనూ పోకపోతే ఇదీ ప్రధాన సంఖ్యే. అవి 6542. వారం రోజులు రాత్రి భోజనాలయ్యాక కూర్చుని 599 దాకా వచ్చాను. నూట తొమ్మిది ప్రధాన సంఖ్యల్లో ఒక్కదానితోనూ శేషం సున్నా రాలేదు. ఇక ఏం వస్తుందిలే అనుకుని, ‘ఇది ప్రధాన సంఖ్య’ అని ఎర్ర సిరాతో రాసి కింద గీత కూడా గీశాను.

అక్కడితో ఊరుకోక మనవడి వెంట నేనూ వెళ్ళాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పాఠం చెప్పే అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. నా కాగితం చూసి, “తాతగారూ, 641తో చూశారా?” అన్నాడు. బోర్డు మీద 641 × 6700417 అని వేసి, గుణించమని మా వాడి చేతికే మార్కరు ఇచ్చాడు. ఒక్కో వరుస పడుతుంటే వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. కూడిక పూర్తయ్యాక మా వాడు నా వైపు చూడలేదు. 601, 607, 613, 617, 619, 631, 641. ఏడే ఏడు!

ముప్ఫై రెండు రెండ్లను గుణించి ఒకటి కలిపితే ఈ సంఖ్య వస్తుందట. 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలకు తప్ప ఇది లొంగదట. అలాంటివి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదు భాగహారాల పని! ఈ 641ని ఆయిలర్ అనే గణితవేత్త 1732లోనే పట్టేశాడు. ఆ ముక్క ముందే చెప్పవచ్చు కదా? ఫీజు మాత్రం ముందే కట్టించుకుంటారు.

1640లో ఫెర్మా అంతటి గణితవేత్త కూడా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడని ఆ అబ్బాయి ఓదార్చాడు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు రెండ్లను ఇలాగే గుణించి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే మరి. అయితే ఫెర్మాను మనవడి ముందు ఎవరూ నిలబెట్టలేదు.

నిన్న రాత్రి మిగిలిన 6700417ను పట్టుకున్నాను. దీని వర్గమూలం 2589 లోపే. అంతలోపు 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యల్లో, 641ని మళ్ళీ కలుపుకుని చూడవలసినవి ఏడే. అన్నీ చేశాను, ఏదీ పోలేదు. ఆఖరిది 2113, శేషం 94. ఈ సాయంత్రం ఆ మెట్లు మళ్ళీ ఎక్కుతున్నాను.