కల్నల్‌కి మంచి డైలాగులు ఇచ్చిన విప్లవకారుడు

ఒకాయన తన ఊళ్ళో తెల్లవాళ్ళ మీద రహస్య యుద్ధం నడిపాడు, పట్టుబడ్డాడు, మరణశిక్ష పడింది, ఎలాగో బతికి బయటపడ్డాడు, తర్వాత అదే ఊళ్ళో అవే సందుల్లో తన కథను సినిమాగా తీయించి అందులో తన వేషం తనే కట్టాడు. ఎవరైనా స్క్రిప్టుగా రాసుకొస్తే మరీ అతిగా ఉంది తీసేయండి అంటాం. కానీ ఇది నిజంగా జరిగింది. ఆయన పేరు సాదీ యాసెఫ్, ఊరు అల్జీరియా రాజధాని అల్జీర్స్, సినిమా 1966లో వచ్చిన 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్'. దర్శకుడు ఇటలీకి చెందిన జిల్లో పొంటెకోర్వో.

ఈ సినిమా గొప్పదని అందరూ చెప్తారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నన్ను పట్టుకుని వదలనిది దాని వెనకున్న మనుషులు. ఇంత దెబ్బ తిన్నవాడు, ఇంత కోపం ఉండాల్సినవాడు, తన శత్రువుని తెర మీద అంత తెలివైనవాడిగా, అంత హుందాగా ఎలా చూపించనిచ్చాడు? మన వైపు వలస పాలన మీద వచ్చే సినిమాలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ముందు కొంచెం నేపథ్యం. ఫ్రాన్స్ 1830లో అల్జీరియాలో దిగింది. మన దగ్గర బ్రిటిష్ వాళ్ళు చేసినట్టు దూరం నుంచి ఏలడం కాదు, ఇది మా దేశంలో భాగమే అని చెప్పి జిల్లాలుగా కలుపుకున్నారు, దాదాపు 10 లక్షల మంది యూరోపియన్లు అక్కడే స్థిరపడ్డారు. అందుకే 1954 నవంబర్ 1న నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ తిరుగుబాటు మొదలుపెడితే పారిస్ దాన్ని స్వాతంత్ర్య పోరాటం అనలేదు, యుద్ధం అని కూడా అనలేదు, ఇంట్లో శాంతిభద్రతల సమస్య అంది. 1957 జనవరిలో అల్జీర్స్‌లో పోలీసు అధికారాలన్నీ జనరల్ మాస్సూ చేతికి, ఆయన 10వ పారాట్రూపర్ల డివిజన్‌కి అప్పగించేశారు. ఆ తర్వాత కస్బాలో, అంటే ఊళ్ళో ఉన్న పాత అరబ్బు పేటలో, జరిగిందే ఈ సినిమా కథ.

యాసెఫ్ ఆ కస్బా పిల్లాడే, ఇంట్లో వాళ్ళది రొట్టెల వ్యాపారం. అల్జీర్స్‌లో ఫ్రంట్ దళాలను నడిపించింది ఆయనే. 1957 సెప్టెంబర్‌లో దొరికాడు. రెండు వారాల తర్వాత, అక్టోబర్ 8న, ఆయన కుడిభుజం లాంటి అలీ లా పాయింట్ దాక్కున్న ఇంటిని పారాట్రూపర్లు బాంబులతో పేల్చేశారు. ఆ గోడ వెనక అలీతో పాటు హసీబా బెన్ బువాలీ అనే అమ్మాయి, ఇంకో కుర్రాడు, ఇంకా మీసాలు కూడా రాని చిన్న ఒమర్ ఉన్నారు. ఆ చిన్న ఒమర్ యాసెఫ్‌కి స్వయానా మేనల్లుడో అన్న కొడుకో వరసయ్యే పిల్లాడు, వాళ్ళింటి బిడ్డ. పేలుడులో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా పోయారు. సినిమా మొదట్లోనే ఆ గోడ ముందుకి తీసుకెళ్తుంది, ముగింపుకి కాస్త ముందు మళ్ళీ అక్కడికే వస్తుంది. అంటే ఈ సినిమాకి నిర్మాత అయిన యాసెఫ్ తన ఇంటి పిల్లాడి చావుని మళ్ళీ సెట్ వేయించి, జనాన్ని నిలబెట్టి, లైట్లు పెట్టించి తీయించాడన్న మాట. ఈ సంగతి తెలిశాక ఆ సీన్ మామూలుగా చూడలేం.

శిక్ష తగ్గి, 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, యాసెఫ్ జైల్లో రాసుకున్న జ్ఞాపకాలు పట్టుకుని దర్శకుడి కోసం ఇటలీ వెళ్ళాడు. ఇక్కడే నాకు భలే నచ్చే మలుపు ఉంది. అప్పటికే పొంటెకోర్వో, రచయిత ఫ్రాంకో సొలినాస్ కలిసి అల్జీరియా మీద ఒక కథ అనుకుంటున్నారు, అందులో హీరో విలేకరిగా మారిన ఒక మాజీ ఫ్రెంచి పారాట్రూపర్. యాసెఫ్ అది వద్దన్నాడు, మా పోరాటానికి తెల్లవాడు హీరో ఏంటి అని. సరే నీ స్క్రిప్టు చూపించు అంటే చూపించాడు, అది చదివి పొంటెకోర్వో ఇది ఉత్త ప్రచారం, నేను తీయను అన్నాడు. ఒకళ్ళ కథని ఒకళ్ళు కొట్టిపారేశాక గానీ అసలు సినిమా మొదలవలేదు. పొగడ్త ఉండకూడదని ఒకడు, మీ కళ్ళతో చూపించకూడదని ఇంకొకడు! నా లెక్కలో ఈ సినిమాకి దొరికిన అసలు అదృష్టం ఈ గొడవే.

పొంటెకోర్వోకి ఆ ధైర్యం ఊరికే రాలేదు. 1919లో పీసాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు (అన్న బ్రూనో అణు శాస్త్రవేత్త, ఫెర్మీ శిష్యుడు, 1950లో ఉన్నట్టుండి సోవియట్ యూనియన్‌కి వెళ్ళిపోయి ప్రపంచమంతా గోల పుట్టించాడు, అది వేరే కథ). ముస్సోలినీ జాతి చట్టాలు తెచ్చాక ఫ్రాన్స్ వెళ్ళాడు, అక్కడ టెన్నిస్ ఆడుకుంటూ తిరిగాడు, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, తర్వాత ఇటలీకి తిరిగొచ్చి జర్మన్ల మీద రహస్య దళాల్లో పనిచేశాడు. మారుపేర్లు, రహస్య ఇళ్ళు, ఎవరు పట్టుబడితే ఎవరి పేరు చెప్తారో అన్న టెన్షన్, ఇవన్నీ ఆయన అనుభవించినవే. 1956లో హంగరీలోకి సోవియట్ ట్యాంకులు వెళ్ళాక పార్టీ నుంచి బయటికొచ్చేశాడు కానీ వామపక్షం వదల్లేదు. నమ్మకం ఉంది, గుడ్డి నమ్మకం లేదు. రాజకీయ సినిమా తీసేవాడికి ఇంతకన్నా మంచి స్థితి ఉంటుందని నేను అనుకోను.

షూటింగ్ 1965లో, కస్బాలోనే. ఆ సన్నాహాల మధ్యలోనే జూన్ 19న రక్షణ మంత్రి బుమెదియెన్ సైనిక కుట్ర చేసి అధ్యక్షుడు బెన్ బెల్లాని దించేశాడు, ఊళ్ళోకి ట్యాంకులు వస్తుంటే జనం సినిమా వాళ్ళవి కాబోలు అనుకున్నారని చెప్పుకుంటారు. నటుల్లో దాదాపు అందరూ ఆ ఊరి మామూలు మనుషులే. అలీ వేషం వేసిన బ్రాహిమ్ హగియాగ్‌కి చదువు రాదు, అంతకుముందు కెమెరా ముందు నిలబడింది లేదు. ఛాయాగ్రాహకుడు మార్సెల్లో గట్టీ బొమ్మని కావాలనే గరుకుగా, వార్తాచిత్రంలా తీశాడు, ఎంతలా అంటే అమెరికాలో విడుదల చేసినప్పుడు ఇందులో ఒక్క అడుగు కూడా నిజమైన న్యూస్‌రీల్ లేదని మొదట్లోనే కార్డు వేయాల్సొచ్చింది. సంగీతం ఎన్నియో మొర్రికోనే, పొంటెకోర్వో కలిసి చేశారు. అరబ్బుల ఇళ్ళ మీద తెల్లవాళ్ళు పెట్టిన బాంబు పేలి శవాలు తీస్తున్నప్పుడు వినిపించే బాణీయే, తర్వాత ఫ్రంట్ అమ్మాయిలు కెఫేలో పెట్టిన బాంబుకి తెల్లవాళ్ళు చచ్చిపోయినప్పుడూ వినిపిస్తుంది. నిర్మాత ఎవరో గుర్తుపెట్టుకుని ఆ రెండు చోట్లా విని చూడండి.

ఇక కల్నల్ మాథ్యూ. మాస్సూ, బిజార్ లాంటి నిజమైన అధికారులను కలిపి సొలినాస్ అల్లిన పాత్ర ఇది. నల్ల కళ్ళద్దాలు, తాపీ నడక, ఎక్కడా గొంతు పెంచడు. చిత్రహింసల గురించి విలేకరులు గుచ్చి గుచ్చి అడిగితే ఆయన తిరిగి ఒకటే అడుగుతాడు, ఫ్రాన్స్ అల్జీరియాలో ఉండాలా వద్దా? ఉండాలి అనేవాళ్ళు దాని పర్యవసానాలన్నీ ఒప్పుకోవాలి. మమ్మల్ని ఫాసిస్టులు అంటున్నారు, మాలో చాలామంది నాజీల మీద పోరాడినవాళ్ళమని మర్చిపోతున్నారు అని కూడా అంటాడు. అక్కడే మనకి ఊపిరాడదు. ఎందుకంటే ఆయన అబద్ధం చెప్పట్లేదు. వలస పాలన కావాలి, దాని రక్తం మాత్రం మా చేతులకి అంటకూడదు అనుకునే పారిస్ పెద్దమనుషుల గుట్టు విప్పింది విప్లవకారుడు కాదు, ఈ కల్నలే.

ఆ వేషం వేసిన జాన్ మార్టిన్ ఒక్కడే ముఖ్య పాత్రల్లో వృత్తి నటుడు. 1953లో బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' మొట్టమొదటి ప్రదర్శనలో లక్కీ వేషం ఈయనదే. 1960లో అల్జీరియా యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 121 మంది రచయితలు, కళాకారులు విడుదల చేసిన ప్రకటన మీద సంతకం పెట్టి, దానివల్ల పనులు పోగొట్టుకున్నాడు. ఆ యుద్ధాన్ని కాదన్నవాడే ఆ యుద్ధానికి బుర్ర లాంటి పాత్ర వేశాడు, ఒక్క చోట కూడా వెటకారం చేయకుండా.

మన సినిమాల్లో తెల్లదొర అంటే ఏంటి? వంకర తెలుగు, చేతిలో కొరడా, కారణం లేని నవ్వు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది, థియేటర్లో నేనూ ఈల వేస్తాను, అందులో తప్పేం లేదు. కానీ సామ్రాజ్యాలు పిచ్చోళ్ళ వల్ల నడవలేదు కదా. ఫైళ్ళు రాసే, లెక్కలు చూసే, తాము చేస్తున్నది సబబే అనుకునే మనుషుల వల్ల నడిచాయి. 1974 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్ వేషం జగ్గయ్యకిచ్చినవాళ్ళకి ఈ సంగతి కొంచెం తెలుసు. త్రిపురనేని మహారథి మాటలు, జగ్గయ్య గొంతు, దాంతో ఆ దొర కూడా ఒక మనిషిలా ఎదురుగా నిలబడ్డాడు, అందుకే రాజు ఎత్తు ఇంకా పెరిగింది. తర్వాత మనం ఆ దారిలో ఎందుకు ముందుకెళ్ళలేదో నాకు అర్థం కాదు.

అలాగని 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్'ని దేవుడి పటంలా చూడక్కర్లేదు. 1956 సెప్టెంబర్ 30న ముగ్గురు అమ్మాయిలు పెట్టిన మూడు బాంబుల్లో ఎయిర్ ఫ్రాన్స్ ఆఫీసు దగ్గరది పేలలేదు, సినిమాలో మూడూ పేలతాయి. స్వాతంత్ర్యం కోరే వేరే అల్జీరియన్ పార్టీతో ఫ్రంట్‌కి జరిగిన అన్నదమ్ముల చంపుడు కనబడదు. అల్జీర్స్ పోలీసు వ్యవహారాలు చూసే పాల్ టైట్‌జెన్ అనే ఫ్రెంచి అధికారి, తనే నాజీల చేతిలో చిత్రహింసలు పడ్డవాడు, సైన్యం పట్టుకెళ్ళి మాయమైపోయినవాళ్ళు 3,024 మంది అని లెక్కగట్టి పదవి వదిలేశాడు, ఆయనా లేడు. ఆడవాళ్ళ సంగతి మరీ ఘోరం, బాంబులు వాళ్ళవే కానీ మాటలు దాదాపు లేవు. అద్దం ముందు జుట్టు కత్తిరించుకుని యూరోపియన్ అమ్మాయిల్లా తయారయ్యే ఆ సీన్ అద్భుతమే, కాదనను, కానీ ఆ ముగ్గురిలో ఒకరైన జోహ్రా ద్రీఫ్ లాంటి మనిషి, అప్పటికే లా చదువుతున్న అమ్మాయి, ఏం ఆలోచించి ఆ బుట్ట పట్టుకుందో సినిమా అడగదు. నిర్మాత ఎవరో, కథ ఎవరిదో ఇక్కడ తెలిసిపోతుంది.

సినిమాకి వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది, ఫ్రెంచి ప్రతినిధులు అలిగారు, ఫ్రాన్స్‌లో ఏళ్ళ తరబడి ఆడనివ్వలేదు, తీరా అనుమతి వచ్చాక కూడా థియేటర్లకి బెదిరింపులు. అటు అమెరికాలో నల్లజాతి విప్లవ సంస్థ బ్లాక్ పాంథర్ల వాళ్ళు పాఠంలా చూశారు. 2003లో ఇరాక్‌లో ఇరుక్కున్నాక పెంటగన్ వాళ్ళూ తమ అధికారులకి వేసుకుని చూశారు! ఇద్దరికీ పనికొచ్చిందంటే అది సొలినాస్ కల్నల్‌కి ఇచ్చిన తర్కం వల్లే. ఇక సినిమాలో ఆత్మహత్య చేసుకున్నాడని సైన్యం ప్రకటించే లార్బీ బెన్ మిహిదీ అనే ఫ్రంట్ నాయకుడు ఉన్నాడు కదా, ఆయన్ని చంపించింది తానేనని ఒసారెస్ అనే జనరల్ 2001లో పుస్తకంలో ఒప్పుకున్నాడు, ఫ్రాన్స్ అధ్యక్షుడు దాన్ని అధికారికంగా ఒప్పుకోవడానికి 2024 నవంబర్ దాకా పట్టింది.

ఇదే దర్శకుడు, ఇదే రచయిత మూడేళ్ళ తర్వాత తీసిన 'కేమాడా' (ఇంగ్లీషులో 'బర్న్') గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సినిమాగా అది కాస్త అతుకులబొంత, కానీ ఆలోచనలో నాకు దీనికన్నా అదే పదునుగా అనిపిస్తుంది. కరీబియన్‌లో ఒక ఊహా ద్వీపం. విలియం వాకర్ అనే బ్రిటిష్ ఏజెంటు, అంటే మార్లన్ బ్రాండో, బానిసలని రెచ్చగొట్టి పోర్చుగీసు వాళ్ళని తరిమేయిస్తాడు, తోటల యజమానులకి మాత్రం బానిసని జీవితాంతం పోషించడం కన్నా కూలీని పెట్టుకోవడం చవక అని భార్యనీ వేశ్యనీ పోల్చి లెక్క చెప్తాడు. పదేళ్ళ తర్వాత చక్కెర కంపెనీ అదే వాకర్‌ని పిలిపించి, అతను తయారుచేసిన నాయకుడినే పట్టుకోమంటుంది. జెండా దిగిపోయాక కంపెనీ ఎలా ఏలుతుందో 1969లోనే ఇంత సూటిగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. మొదట ద్వీపం స్పెయిన్‌ది అని రాసుకున్నారు, స్పెయిన్ ప్రభుత్వం ఒత్తిడి తెస్తే పోర్చుగల్‌ది చేసేశారు. వలస పాలన మీద సినిమా తీయడానికి కూడా ఒక పాత వలస రాజ్యం అడ్డం రావడం, అదో కామెడీ.

నాయకుడు హోసె డొలోరెస్ వేషానికి స్టూడియో వాళ్ళకి సిడ్నీ పొయిటియర్ కావాలి, పొంటెకోర్వో మాత్రం కొలంబియాలో ఎవరిస్తో మార్కెస్ అనే పల్లెటూరి మనిషిని చూసి ఇతనే అని పట్టుబట్టాడు. ఎండలో టేకుల మీద టేకులు. బ్రాండోకి, దర్శకుడికి చంపుకునేంత గొడవ. నల్లజాతి ఎక్స్‌ట్రాలకి వేరే తిండి పెడుతున్నారని కూడా బ్రాండో మండిపడ్డాడు, వలస దోపిడీ మీద తీస్తున్న సినిమా సెట్లో! చివరికి ఆయన కొలంబియా వదిలి వెళ్ళిపోతే మిగతాది మొరాకోలో తీశారు. తర్వాత ఆత్మకథలో మాత్రం తాను పనిచేసిన గొప్ప దర్శకుల్లో పొంటెకోర్వో ఒకడని ఆయనే రాశాడు.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లీషు వెర్షన్‌లో బ్రాండో సొంత గొంతు ఉంటుంది కానీ దాదాపు 20 నిమిషాలు కోసేశారు, ఇటాలియన్ వెర్షన్‌లో సినిమా మొత్తం ఉంటుంది, బ్రాండోకి మాత్రం ఎవరో డబ్బింగ్ చెప్పారు. నేనైతే ఇంగ్లీషుదే చూడమంటాను, ఆ వేశ్య-భార్య లెక్క చెప్పే సీన్ ఆయన గొంతులోనే వినాలి. నచ్చితే అప్పుడు రెండోది.