పాపకి రెండు దేశాలట!

మూడు నెలల్లో డల్లాస్ వెళ్తున్నాం, బెంగళూరు మారతహళ్లి ఇంట్లో సోఫా మీద కూర్చోవడానికి చోటు లేదు, అంతా కాగితాలే. పాప అక్కడే పుట్టింది, అందుకని అమెరికన్ పాస్‌పోర్టూ ఉంది, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డూ ఉంది. "దానికి రెండు దేశాలూ సొంతమే, మీకెందుకే టెన్షన్" అంటారు మా అత్తగారు. కాదత్తయ్యా, మన చట్టంలో ద్వంద్వ పౌరసత్వమే లేదు. ఓసీఐ అంటే జీవితాంతం చెల్లే వీసా లాంటిది, ఓటుండదు, సాగుభూమి కొనడానికి లేదు.

అసలు తంటా అమెరికన్ పాస్‌పోర్టుతో. 16 ఏళ్ల లోపు పిల్లలకి అది ఐదేళ్లే చెల్లుతుంది, ఆ సంగతి నేను టికెట్లు బుక్ చేసే రాత్రి చూసుకున్నా! కొత్తదానికి చెన్నైలోని అమెరికన్ కాన్సులేట్‌కి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి, లేదా రాలేనివాళ్లు నోటరీ చేసిన సమ్మతి పత్రం ఇవ్వాలి కాబట్టి, ఇద్దరం సెలవు పెట్టి, నిద్రపోతున్న పాపని భుజానేసుకుని చెన్నై రైలెక్కాం. ఫొటో రెండంగుళాల చదరం ఉండాలని చెప్పినా స్టూడియో ఆయన అలవాటుగా మన సైజే కొట్టిచ్చాడు, చెన్నైలో దిగి మళ్లీ తీయించాం.

కొత్తది వచ్చాక మూడు నెలల్లోగా దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ పోర్టల్లో ఎక్కించాలి. 20 ఏళ్లు నిండేదాకా కార్డు మార్చక్కర్లేదు, హమ్మయ్య. ఇక మా సేవింగ్స్ ఖాతాలు ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతా) మార్చుకోవాలి, అది ఆయన పని.