మెయిన్ ఎవరు పెట్టాలి? మా కంపైలర్‌కి ఒక కొత్త ఆప్షన్

ఖాళీ దొరికినప్పుడల్లా నేను రాసుకునే చిన్న భాష ఒకటుంది. దాని కంపైలర్ (రాసిన కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చేది) మొదటి నుంచీ ఏ ఫైల్ ఇచ్చినా చివర్లో ఒక మెయిన్, అంటే మన కోడ్ నడక మొదలయ్యే ఫంక్షన్, తగిలించేసేది. విడి ప్రోగ్రాములు రాసినంతకాలం బాగానే నడిచింది. మొన్న ఒక మిత్రుడు నా భాషలోని ఫంక్షన్లని తన సీ ప్రోగ్రాంలో కలుపుకోబోతే, మెయిన్ రెండుచోట్ల ఉందంటూ, ముక్కలన్నిటినీ ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్ ఆగిపోయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు మరి.

"సోర్సులో మెయిన్ ఉంటేనే ఎంట్రీ పాయింట్ (ప్రోగ్రాం మొదలయ్యే చోటు) పెట్టు, లేకపోతే మానెయ్" అన్నాడు. నాకు నచ్చలేదు. పేరులో ఒక్క అక్షరం తప్పు టైప్ చేస్తే కంపైలర్ దాన్ని లైబ్రరీ అనుకుని ఊరుకుంటుంది. గొడవ లింకర్ దగ్గర, ఎవరికీ అర్థంకాని మెసేజ్‌తో బయటపడుతుంది. డీ భాష కంపైలర్ డీఎండీలో, మెయిన్ లేకపోతే ఒక ఖాళీ మెయిన్ చేర్చే ఆప్షన్ ఉంది. యూనిట్ టెస్టులకి పనికొస్తుంది. హాస్కెల్ భాష కంపైలర్ జీహెచ్‌సీలో దానికి పూర్తి ఎదురు: మెయిన్ నువ్వు పెట్టకు అని చెప్పొచ్చు. రెండింటిలోనూ మనం అడిగితేనే జరుగుతుంది. నేనూ అదే దారి పట్టాను.

ఆప్షన్‌కి మూడు విలువలు: మెయిన్ (పాతలాగే మెయిన్ పెట్టు), స్టార్ట్ (సీ లైబ్రరీ లేకుండా నేరుగా మొదలుపెట్టు), వద్దు (ఏదీ పెట్టకు). మొదటిదీ చివరిదీ పెద్ద పనేం కాదు. అసలు టెన్షనంతా స్టార్ట్ దగ్గరే. లినక్స్‌లో ప్రోగ్రాం మెయిన్‌తో మొదలవదు. ముందు అండర్‌స్కోర్ స్టార్ట్ నడుస్తుంది, మామూలుగా దాన్ని సీ లైబ్రరీయే ఇస్తుంది. అది లేకుండా మనమే రాస్తే, దాన్ని మామూలు ఫంక్షన్‌లా పుట్టించడం కుదరదు. దాన్ని ఎవరూ 'కాల్' చేయరు కాబట్టి స్టాక్ (ఫంక్షన్లు వాడుకునే తాత్కాలిక మెమరీ) మీద తిరుగు చిరునామా, అంటే పని అయ్యాక ఎక్కడికి వెనక్కి వెళ్లాలో చెప్పేది, ఉండదు. అక్కడ మొదట కనిపించేది ఆర్గ్యుమెంట్ల సంఖ్య, దాని వెనకే ఆర్గ్యుమెంట్లు, ఆపైన ఎన్విరాన్‌మెంట్.

ఎక్స్86-64లో (ఇంటెల్, ఏఎండీ 64-బిట్ ప్రాసెసర్లలో) ఆ క్షణాన స్టాక్ పాయింటర్, అంటే స్టాక్ కొన చిరునామా, 16 బైట్ల హద్దు మీద ఉంటుంది. మామూలు ఫంక్షన్ మొదట్లో మాత్రం, తిరుగు చిరునామా వల్ల, 8 బైట్లు పక్కకి ఉంటుంది. రోజూ వాడే ప్రోలాగే (ఫంక్షన్ మొదట్లో స్టాక్‌ని సిద్ధం చేసే కోడ్) ఇక్కడా పెడితే లెక్క తప్పి, ఎక్కడో లోపల ఆ హద్దు తప్పక కోరే ఒక ఎస్‌ఎస్‌ఈ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రాం కూలిపోతుంది, అదీ కొన్ని ప్రోగ్రాముల్లోనే. అందుకే ప్రోలాగ్ లేకుండా విడిగా పుట్టిస్తున్నాను: ఆర్‌బీపీ అనే రిజిస్టర్‌ని సున్నా చేయడం, ఆర్‌ఎస్‌పీని (స్టాక్ పాయింటర్) మొదటి ఆర్గ్యుమెంట్ వెళ్లే ఆర్‌డీఐలో పెట్టడం, అసలు ఫంక్షన్‌ని పిలవడం, ఫలితంతో, ప్రోగ్రాం మొత్తాన్నీ ముగించమని లినక్స్‌ని అడిగే 231వ సిస్టం కాల్ ఇవ్వడం. 60 కూడా ఎగ్జిట్టే, కానీ అది పిలిచిన థ్రెడ్‌ని మాత్రమే ముగిస్తుంది.

స్టార్ట్ వాడేవాళ్లకి ఒక మాట. ఇందులో సీ లైబ్రరీ ముగింపు పనులు జరగవు. ప్రింట్‌ఎఫ్ కలుపుకుంటే టెర్మినల్‌లో కనిపించిన వరుసలు, అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లించగానే మాయమవుతాయి. అవి ఆగి ఉన్న బఫర్‌ని చివర్లో ఖాళీ చేసేవాళ్లు ఎవరూ లేరు కదా! సీ లైబ్రరీ కావాలంటే మెయిన్ విలువే వాడండి.

మ్యాక్‌లో ప్రోగ్రాం మొదలుపెట్టే పని డైనమిక్ లింకర్ చూసుకుంటుంది. విండోస్‌లో కన్సోల్ ప్రోగ్రాంకీ విండో ప్రోగ్రాంకీ ఎంట్రీ పేర్లే వేరు. ఆ రెండుచోట్లా స్టార్ట్ అడిగితే ప్రస్తుతానికి ఎర్రర్ ఇస్తున్నాను.