డ్రైన్ గుంతలో మనిషి ఇరుక్కున్న రోజు, ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చేదాకా మేం చేసింది (నా అనుభవం)

నేను గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీలో వార్డు ఎమినిటీస్ సెక్రటరీని, అంటే కుళాయిలు, కాలవలు, వీధిలైట్లు, వాటి మీద వచ్చే తిట్లు, ఇదీ నా డ్యూటీ. రెస్క్యూ గురించి నాకు తెలిసిందల్లా ఒకసారి ఆఫీసులో పెట్టిన ఒక్కరోజు ట్రైనింగే, అందులో కూడా సగం సేపు భోజనాలెప్పుడా అని చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పోయిన ఏడాది ఆగస్టులో మా వార్డులో డ్రైన్ పని జరుగుతోంది. తొమ్మిది పది అడుగుల లోతు కందకం, అటూ ఇటూ ఒక్క చెక్క ఆనించలేదు, తవ్విన మట్టి అంతా అంచు మీదే గుట్ట పోసేశారు. మాదేమో నల్లరేగడి. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు తీస్తుంది, నాలుగు చినుకులు పడితే ఉబ్బి జారుతుంది, ఆ ముందు రెండు రాత్రులూ వాన. పొద్దున 8:40కి మేస్త్రి ఫోన్ చేసి "సార్ గోడ పడింది, మనిషి లోపల ఉన్నాడు" అన్నాడు, ఆఫీసు నుంచి బండి మీద మూడు నిమిషాల దూరం.

వెళ్లగానే నేను చేసిన మొదటి పని తప్పు పని. బండి స్టాండ్ కూడా వెయ్యకుండా పరిగెత్తి అంచు మీద నిలబడి లోపలికి తొంగి చూశా, కాలి కింద పెద్ద పెడ్డ ఒకటి ఊడి లోపలికి జారింది, నా చెప్పు కూడా దాంతోపాటే పోయింది. కింద ఉన్నతను చాతీ దాకా మట్టిలో ఉన్నాడు, ఆ పెడ్డ అతని తలకి జానెడు పక్కన పడింది. అప్పుడు గుర్తొచ్చింది ట్రైనింగులో ఆ ఫైర్ ఆఫీసర్ చెప్పిన మాట, ఒకసారి కూలిన గోడ రెండోసారి కూడా కూలుద్ది, కాపాడటానికి దిగినవాళ్లు కూడా చనిపోతుంటారు అని. తడి మట్టి ఒక ఘనమీటరు దాదాపు రెండు టన్నులు ఉంటుందంట, అంటే మన కారు కన్నా బరువు.

అప్పటికే జనం వంద మంది. ఒకాయన తాడు తెచ్చాడు, చంకల కింద కట్టి లాగేద్దాం అని. ఇంకో ఇద్దరు లుంగీలు ఎగ్గట్టి దిగబోతున్నారు. జేసీబీ అబ్బాయి అయితే బకెట్ లేపేశాడు కూడా, రెండు నిమిషాల్లో తీసేస్తా సార్ అంటున్నాడు. వాళ్లెవరిదీ చెడ్డ బుద్ధి కాదు, కళ్ల ముందు మనిషి మూలుగుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఎవరి వల్లా కాదు. కానీ కాళ్లు దేని కింద ఉన్నాయో తెలీకుండా పైనుంచి లాగితే నడుం పోతుంది, బకెట్ పెడితే మట్టితోపాటు మనిషి కూడా వస్తాడు. నేను జేసీబీ ఇంజన్ ఆపించా. వెనక్కి తియ్యమని మాత్రం అనలేదు, అంత బరువు అంచు పక్కన కదిలితే ఆ అదురుకే మిగతా గోడ రావొచ్చని భయం. ఆపి తాళం నా జేబులో వేసుకున్నా. రోడ్డుకి రెండు వైపులా మావాళ్లని నిలబెట్టి బళ్లు కూడా ఆపేశాం.

112కి అప్పటికే ఎవరో చేశారు, "గుడి దగ్గర" అని చెప్పారంట. మా ఊళ్లో గుళ్లు పదకొండు. నేను మళ్లీ చేసి వాటర్ ట్యాంకు పక్క రోడ్డు, మట్టి కూలి మనిషి చాతీ దాకా కూరుకుపోయాడు, మాట్లాడుతున్నాడు అని వివరంగా చెప్పి, ఒక కుర్రాణ్ణి బండి మీద మెయిన్ రోడ్డు సెంటర్‌కి పంపించా దారి చూపించడానికి. అయినా 108 వాళ్లు ముందు వేరే గుడికి వెళ్లి వచ్చారు, పది నిమిషాలు అక్కడ పోయాయి.

ఇంకొకటి, మట్టిలోంచి నీళ్లు ఊరుతున్నాయి. కూలినప్పుడు కుళాయి పైపు పగిలింది. ఇది మాత్రం నా సబ్జెక్టే కాబట్టి ట్యాంకు దగ్గర మనిషికి చెప్పి వాల్వు కట్టించా. కరెంటు స్తంభం కొంచెం వాలినట్టు అనిపించి లైన్‌మన్‌కి ఫోన్ చేసి లైను తీయించా.

అప్పుడు మేస్త్రిని అడిగా, లోపల ఎంతమంది దిగారు అని. ముగ్గురు అన్నాడు. ఒకడు కూలగానే ఎక్కేశాడు, ఒకడు కళ్ల ముందు ఉన్నాడు, మూడోవాడేడి? మేస్త్రి మొహం తెల్లబోయింది. అందర్నీ నోరు మూసుకోమన్నా, నిజంగా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం, లోపలి నుంచి ఏమన్నా శబ్దం వస్తుందేమోనని ఒకచోట బోర్లా పడుకుని వింటున్నాం, ఏం లేదు. మేస్త్రి వణుకుతూ వాడి నంబర్‌కి ఫోన్ కొట్టాడు, మట్టి లోపల రింగ్ వినపడుద్దేమోనని నేను చూస్తున్నా, నాలుగో రింగుకి ఎత్తి "టిఫిన్ చేస్తన్నా మేస్త్రీ, ఇంకో దోసె చెప్పా, వస్తన్నా" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. వంద మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. మేస్త్రి మాత్రం అక్కడే కూలబడిపోయాడు.

లోపల ఉన్నతను పాలమూరు నుంచి వచ్చిన మట్టిపని మనిషి, నలభై ఏళ్లుంటాయి. అంచుకి దూరంగా చెక్క మీద పడుకుని అతనితో మాట్లాడే పని నేనే పెట్టుకున్నా. పేరు అడిగా, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, జొన్న రొట్టె బాగా చేసేది అమ్మా ఆవిడా అని. మాట ఆగితే తెలుస్తుంది కదా అని. "సారూ, కాళ్లు తెలుస్తలేవు" అన్నాడు ఒకసారి. ఏం చెప్పాలో తెలీక వస్తున్నారన్నా వస్తున్నారు అంటూనే ఉన్నా. తాడుకి కట్టి ఒక హెల్మెట్ దింపితే తనే పెట్టుకున్నాడు. నీళ్లు అడిగాడు, ఇవ్వాలో వద్దో తెలీక తడిగుడ్డ దింపి పెదాలు తడుపుకోమన్నా.

ఫైర్ వాళ్లు 9:10కి వచ్చారు. పక్కన కడుతున్న ఇంటి నుంచి సెంట్రింగ్ చెక్కలు, సరుగుడు బాదులు మోయించారు, మా కుర్రాళ్లకి అప్పటికి చెయ్యడానికి ఒక పని దొరికింది, తాడు పట్టుకొచ్చిన పెద్దాయన అందరికన్నా ఎక్కువ మోశాడు. అంచు మీద గుట్టని పారలతో మెల్లగా వెనక్కి లాగించారు. చెక్కలు రెండు గోడలకీ ఆనించి మధ్యలో బాదులు బిగించాక ఒక్క ఫైర్‌మన్ నిచ్చెన మీద దిగి చేత్తోనే చాతీ చుట్టూ మట్టి తీసి గమేళాలో పైకి పంపాడు. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకొంచెం బిగుస్తుందంట, అందుకని ముందు చాతీ. నడుం దాకా తీశాక ఆగిపోయారు. కాళ్ల మీద సిమెంటు పైపు ముక్క అడ్డంగా ఉంది, అది లేపే సామాను వీళ్ల దగ్గర లేదు. విజయవాడ దగ్గర కొండపావులూరు నుంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ (కేంద్రం వాళ్ల విపత్తు రెస్క్యూ దళం) టీం బయల్దేరింది అన్నారు.

అసలు కష్టం ఆ వెయిటింగే. "ఇంకొంచెమేగా, పైపు లేపెయ్యండి" అని జనం అరుపులు. 108 ఈఎంటీ కుర్రాడు (అంబులెన్సులో వైద్యం చేసే టెక్నీషియన్), పాతికేళ్లుంటాయేమో, దిగి ఆక్సిజన్ మాస్కు పెట్టి, ఫోన్లో వాళ్ల డాక్టర్‌తో మాట్లాడి సెలైన్ ఎక్కించాడు, తడి మట్టికి ఒళ్లు చల్లబడుతోందని దుప్పటి కప్పాడు. పైకొచ్చి నాకు చెప్పాడు, గంట పైన నలిగిన కాలిలో కండ చచ్చి పొటాషియం అదీ పేరుకుంటుంది, బరువు టక్కున తీసేస్తే అదంతా ఒక్కసారి రక్తంలో కలిసి గుండె ఆగిపోవచ్చు, కిడ్నీలు పోవచ్చు, అందుకే తీసేముందే సెలైన్ పోవాలి అని. ఈ ముక్క నాకు అస్సలు తెలీదు. అతను చెప్పకముందు మేం ఎలాగోలా పైపు లేపగలిగి ఉంటే లేపేసేవాళ్లమే, ఒట్టు.

10:50కి టీం వచ్చింది. వాళ్ల ఇన్‌స్పెక్టర్ గుంత వైపు వెళ్లకుండా ముందు నా దగ్గరికొచ్చాడు, ఎంతమంది, ఎన్నింటికి, ఏం కదిలించారు, ఏం ఆపారు అని. నేను కరెంటు బిల్లు వెనక టైములతో సహా రాసుకున్నా, 8:55 ఇంజన్ బంద్, 9:02 వాల్వు, మూడో మనిషి దొరికాడు (హోటల్), ఇట్లా. బురద వేలిముద్రలతో ఉన్న ఆ కాగితం చదివి బ్రాకెట్‌లో హోటల్ చూసి నవ్వాడు, ఫోటో తీసుకుని టీంకి పని చెప్పేశాడు. వాళ్ల జాకులు, బోర్డులు మా సరుగుడు బాదుల స్థానంలో ఒక్కొక్కటే మార్చుకుంటూ పైపుని అంగుళం అంగుళం లేపారు. 12:15కి బయటికి తీశారు.

రెండుసార్లు డయాలసిస్ చెయ్యాల్సొచ్చింది, ఒక కాలికి ఆపరేషన్. నడుస్తున్నాడు ఇప్పుడు, కర్రతో.

పని నెల తర్వాత మళ్లీ మొదలైంది, చెక్కలు ఆనించాకే తవ్వుతున్నారు, కాంట్రాక్టర్ గొణుగుతూనే. మేస్త్రి మాత్రం పక్కింటి గోడ మీద సుద్దముక్కతో దిగినవాళ్ల పేర్లు రాస్తున్నాడు, ఎక్కగానే కొట్టేస్తున్నాడు. ఆ దోసె కుర్రాడు టీకి వెళ్లాలన్నా ముందు గోడ దగ్గరికెళ్లి తన పేరు తనే చెరుపుకుని వెళ్తున్నాడు.