డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్ మొరాయిస్తే, ఫార్మాట్ కొట్టక ముందు

తిరుపతిలో ఇంజనీరింగ్, ఎంసీఏ చదివే పిల్లల ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ కూడా ఉండటం (దీన్నే డ్యూయల్ బూట్ అంటారు) ఇప్పుడు మామూలు విషయం. ల్యాబ్‌లో లినక్స్ మీద నేర్చుకున్నది గదికి వెళ్లాక మళ్లీ చేసి చూసుకోవాలి. ప్రాజెక్టు రిపోర్టుకూ ఆన్‌లైన్ పరీక్షలకూ విండోస్ కావాలి. నేను ఊళ్లోని ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూస్తుంటాను కనుక, ఉన్నట్టుండి ఆన్ కాకుండా పోయిన ఇలాంటి ల్యాప్‌టాప్‌లు తరచుగా నా బల్ల మీదికి వస్తాయి. తెచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కడో ఒకచోట చూపించి, "ఫార్మాట్ కొడితే గానీ రాదంట సార్" అనే మాటతో వస్తారు. ఈ మాటతో నేను ఏకీభవించను. డ్యూయల్ బూట్‌లో వచ్చే స్టార్టప్ సమస్యల్లో అత్యధిక భాగం, డేటాకు ఏమీ కాకుండా, దాని దగ్గరకు చేర్చే దారి చెడిపోవడం వల్ల వచ్చేవే. వీధి మొదట్లో బోర్డు ఊడిపడితే ఇల్లు కూలిపోయినట్టు కాదు కదా! దారి ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా డిస్క్ తుడిచేస్తే, పోనిదాన్ని మన చేతులతో మనమే పోగొట్టుకున్నట్టవుతుంది.

దారి ఎక్కడ తెగిందో తెలియాలంటే, పవర్ బటన్ నొక్కిన తర్వాత పని ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళుతుందో తెలియాలి. పాత బయాస్ పద్ధతిలో, డిస్క్ మొదట్లో ఉండే 512 బైట్ల ఎంబీఆర్ సెక్టార్‌లోని చిన్న ప్రోగ్రామును మదర్‌బోర్డు పిలుస్తుంది. ఆ సెక్టార్‌లో బూట్ కోడ్‌కు దక్కే చోటు 446 బైట్లే కనుక, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే మెనూ చూపించే గ్రబ్ అనే ప్రోగ్రాము తన మిగతా భాగాన్ని వేరేచోట దాచుకుని అక్కడికి దూకుతుంది. కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతిలో, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగంలో మైక్రోసాఫ్ట్, ఉబుంటు అనే పేర్లతో వేర్వేరు ఫోల్డర్లు ఉంటాయి, వాటిలో ఏది ముందు తెరవాలో చెప్పే జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. అక్కడి నుంచి గ్రబ్, గ్రబ్ నుంచి లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్, కెర్నల్ వెంట వచ్చే తాత్కాలిక ఫైల్ సిస్టమ్ అయిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, ఆ తర్వాతే మన అసలు పార్టిషన్. తెర మీద చివరగా కనిపించిన అక్షరాలు వీటిలో ఏ మెట్టు దగ్గర పని ఆగిందో చెబుతాయి. అందుకే ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న, "తెర మీద ఏముందో ఫోటో తీశారా?" అనేదే.

అన్నిటికన్నా తేలికైనది, గ్రబ్ మెనూ కనిపించకుండా నేరుగా విండోస్ తెరుచుకోవడం. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాతో, మదర్‌బోర్డు అమరికలు మొదటికి వచ్చిన తర్వాతో ఇది జరుగుతుంది. ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెరిచే కీ నొక్కాలి. డెల్, ఏసర్ యంత్రాల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అందులో ఉబుంటు పేరు కనిపిస్తే సగం చింత తీరినట్టే. దాన్ని ఎంచుకుని లోపలికి వెళ్లి, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అనే ఆదేశంతో వరుస చూసి, ఉబుంటును ముందుకు తెచ్చుకోవచ్చు. కొన్ని యంత్రాల్లో సెటప్ తెరలోనే ఆ మార్పు చేయవచ్చు.

దీనికి తలకిందులుగా, గ్రబ్ మెనూ వస్తుంది కానీ అందులో విండోస్ పేరే ఉండదు. విండోస్ చెరిగిపోయిందని కంగారుపడవలసిన పని లేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ అనే పనిముట్టును భద్రతా కారణాలతో ముందే ఆపి ఉంచుతున్నారు. ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్‌లో ఉండే గ్రబ్ ఫైల్‌లో, ఓఎస్-ప్రోబర్‌ను డిసేబుల్ చేసే వరుసకు ఫాల్స్ అని విలువ ఇచ్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపితే విండోస్ తిరిగి మెనూలోకి వస్తుంది.

గ్రబ్ రెస్క్యూ అనే నల్ల తెర ఇంతకన్నా భయపెడుతుంది. చంద్రగిరి వైపు ఒక కళాశాలలో చదివే విద్యార్థిని, తన అన్న వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌ను చివరి సంవత్సరం ప్రాజెక్టు మధ్యలో ఇలాగే తీసుకువచ్చింది. తెర మీద "అన్‌నోన్ ఫైల్ సిస్టమ్" అన్న ఒక్క వాక్యం, దాని కింద రెస్క్యూ ప్రాంప్ట్, అంతే. విండోస్ కూడా రావడం లేదు కనుక రెండూ పోయాయని ఇంట్లో అనుకున్నారు, చూపించిన చోట కూడా అదే చెప్పారు. ముందురోజు ఏం చేశారని అడిగితే, విండోస్‌లో ఖాళీగా ఉన్న డి డ్రైవ్‌ను అన్న డిలీట్ చేశాడని చెప్పింది. కారణం అక్కడే తెలిసిపోయింది. అది ఎంబీఆర్ డిస్క్. అందులో లాజికల్ పార్టిషన్ల సంఖ్యలు 5 నుంచి మొదలవుతాయి. డి డ్రైవ్ 5, ఉబుంటు 6, మెమరీకి తోడుగా లినక్స్ వాడుకునే స్వాప్ 7. ఐదును తీసేయగానే వెనక ఉన్నవి ఒక్కో సంఖ్య ముందుకు జరిగి, ఉబుంటు 5 అయింది. గ్రబ్ మాత్రం తనకు గుర్తున్న ఆరో పార్టిషన్ కోసమే చూస్తోంది; అక్కడ ఇప్పుడున్నది స్వాప్. ఆరులో తనకు కావలసిన ఫైళ్లు లేవు. విండోస్ రాకపోవడానికీ ఇదే కారణం, ఎందుకంటే ఆ డిస్క్‌లో విండోస్‌కు దారి చూపేది కూడా గ్రబ్ మెనూయే.

రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గర పనిచేసే ఆదేశాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఎల్‌ఎస్ అని కొడితే డిస్కులూ పార్టిషన్లూ బ్రాకెట్లలో కనిపిస్తాయి. ఒక్కొక్కదాని పేరు ఇచ్చి ఎల్‌ఎస్ కొడుతూ పోతే, కొన్నిటికి "అన్‌నోన్ ఫైల్ సిస్టమ్" అని వస్తుంది, ఒకదాని దగ్గర మాత్రం బూట్, ఈటీసీ, హోమ్ అనే ఫోల్డర్ల పేర్లు కనిపిస్తాయి. ఆ విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో ఐదో పార్టిషన్ దగ్గర అవి కనిపించినప్పుడు, హోమ్ అనే పేరును వేలితో చూపించి, ఆమె ప్రాజెక్టు అందులో భద్రంగా ఉందని చెప్పాను. తర్వాత సెట్ ఆదేశంతో రూట్‌నూ, గ్రబ్ ఫోల్డర్‌ను చూపే ప్రిఫిక్స్‌నూ ఆ పార్టిషన్‌కు మార్చి, ఇన్స్‌మాడ్ నార్మల్, నార్మల్ అని వరుసగా కొట్టగానే పాత మెనూ తెర మీదికి వచ్చింది. లినక్స్ తన పార్టిషన్లను సంఖ్యతో కాకుండా యూయూఐడీ అనే గుర్తింపుతో వెతుకుతుంది కనుక ఉబుంటు ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంది. అయితే ఈ మార్పు ఆ ఒక్కసారికే పనికొస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్‌ను పార్టిషన్ పేరుతో కాకుండా మొత్తం డిస్క్ పేరుతో నడిపి, ఆపైన అప్‌డేట్-గ్రబ్ నడపాలి. రీస్టార్ట్ చేసి విండోస్ కూడా తెరిచి చూపించాక గానీ ఆమె ముఖంలో ఆందోళన పోలేదు.

రెస్క్యూ దగ్గర ఏదీ పనిచేయకపోతే, డిస్క్‌ను ముట్టుకోకుండా ఉబుంటును నేరుగా పెన్‌డ్రైవ్ నుంచి నడిపే లైవ్ యూఎస్‌బీ తప్పదు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. విండోస్, ఉబుంటు యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఉన్నప్పుడు యూఎస్‌బీని కూడా అదే పద్ధతిలో బూట్ చేయాలి; లెగసీలో, అంటే పాత బయాస్ పద్ధతిలో, బూట్ చేసి గ్రబ్ వేస్తే, ఎన్నిసార్లు వేసినా యంత్రం దాన్ని చూడదు. లైవ్‌లోకి వెళ్లాక ఉబుంటు పార్టిషన్‌నూ, దాని లోపల ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నూ మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికి ప్రవేశించి గ్రబ్‌ను తిరిగి అమర్చాలి. ఇదంతా కష్టమనిపించేవాళ్లకు బూట్-రిపేర్ అనే ప్రోగ్రాము ఉంది. అది తయారుచేసే నివేదికను ముందు చదివి, ఆ తర్వాతే మరమ్మతు బటన్ నొక్కమని నా సలహా.

నమ్మదగినవని ముద్ర ఉన్న బూట్ ప్రోగ్రాములనే తెరవనిచ్చే సెక్యూర్ బూట్ విషయంలో తొందర పనికిరాదు. "సెక్యూర్ బూట్ ఆఫ్ చేసేయ్, అదే వస్తుంది" అని స్నేహితులు చెప్పే మాట ఉబుంటు వరకు నిజమే కావచ్చు. కానీ ఈ రోజుల్లో అనేక ల్యాప్‌టాప్‌లలో విండోస్ డ్రైవ్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది. సెక్యూర్ బూట్ అమరిక మారగానే తాళంచెవిని దాచుకునే టీపీఎం చిప్ తాళం తీయడానికి నిరాకరిస్తుంది, విండోస్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. అది ఏ ఖాతాయో, ల్యాప్‌టాప్ కొన్నరోజు ఎవరి మెయిల్ ఇచ్చారో గుర్తులేని కుటుంబాలను చూశాను. అమరికను వెనక్కి మార్చినా తాళం రాక, కీ కూడా దొరకకపోతే ఆ డ్రైవ్‌లోని డేటాను ఎవరూ తీయలేరు. నేను ఇంతవరకు చెప్పిన సమస్యలన్నిటిలో డేటా నిజంగా చేజారేది ఇక్కడే, అది కూడా పాడైపోయి కాదు, తాళంచెవి లేక. కాబట్టి బయాస్‌లో ఏ అమరికనైనా ముట్టుకునే ముందు విండోస్‌లోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసుకోవాలి, వీలైతే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయాలి.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2024 ఆగస్టులో చాలామందికి తెలిసివచ్చింది. ఆ నెల 13న విడుదలైన విండోస్ భద్రతా అప్‌డేట్, పాత బూట్‌లోడర్లను అడ్డుకునే ఎస్‌బ్యాట్ అనే ఏర్పాటును మార్చింది. డ్యూయల్ బూట్ యంత్రాలకు అది వర్తించదని ప్రకటించినా కొన్నిటికి వర్తించింది. ఆ యంత్రాల్లో ఉబుంటు ఎంచుకోగానే, గ్రబ్ కన్నా ముందు నడిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ఎస్‌బ్యాట్ డేటా పరీక్షలో విఫలమైందని, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని చూపించి యంత్రం ఆగిపోయేది. దానికి పరిష్కారం, పైన చెప్పినట్టు కీ దగ్గర పెట్టుకుని సెక్యూర్ బూట్‌ను కొద్దిసేపు ఆపి, ఉబుంటులో మోక్‌యుటిల్ ద్వారా ఎస్‌బ్యాట్ పాలసీని తొలగించి, రీస్టార్ట్ చేసి మళ్లీ ఒకసారి ఉబుంటులోకి వెళ్లాక సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయడం. షిమ్‌ను కూడా కొత్త వెర్షన్‌కు తెచ్చుకోవాలి.

ఇక గ్రబ్ దాటి, లినక్స్ సగంలో ఆగిపోయే సందర్భాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో మన దగ్గర కరెంటు పోయి వస్తుండటం తెలిసిందే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లు, బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్‌లు ఆ రోజుల్లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగుతాయి. పైన ఉన్న వరుసల్లో, ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకేను స్వయంగా నడపమని, ఏ పార్టిషన్ మీద నడపాలో కూడా, రాసి ఉంటుంది. అదే పేరుతో ఆ ఆదేశం నడిపి, పూర్తయ్యాక ఎగ్జిట్ కొడితే చాలాసార్లు యంత్రం మామూలుగా తెరుచుకుంటుంది.

ఎమర్జెన్సీ మోడ్ అని వస్తే, బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్‌లను మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌ను అనుమానించాలి. తీసేసిన డ్రైవ్ పేరు అందులో మిగిలి ఉంటే, దాని కోసం 90 సెకన్లు ఎదురుచూసి సిస్టమ్ అక్కడే ఆగుతుంది. విండోస్ డి డ్రైవ్‌ను ఉబుంటులో దానంతటదే మౌంట్ అయ్యేలా పెట్టుకున్నవాళ్లకు ఫాస్ట్ స్టార్టప్ వల్ల కూడా ఇదే ఇబ్బంది రావచ్చు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ సదుపాయం, షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్‌ను పూర్తిగా ముగించకుండా కొంత భాగాన్ని డిస్క్‌లో నిద్రపుచ్చుతుంది; ఆ స్థితిలో ఉన్న డ్రైవ్ మీద రాయడానికి లినక్స్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మన డేటాకు క్షేమం. డ్యూయల్ బూట్ పెట్టుకున్న ప్రతి ఒక్కరూ విండోస్ పవర్ ఆప్షన్లలో దీన్ని ఆపివేయాలని నా గట్టి అభిప్రాయం. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డ్రైవ్ వరుసకు నోఫెయిల్ అని చేరిస్తే, డ్రైవ్ దొరక్కపోయినా బూట్ ఆగదు.

కెర్నల్ అప్‌డేట్ తర్వాత తెర నల్లగా ఉండిపోతే గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నల్ ఎంచుకోవాలి. ఎన్‌విడియా కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మెనూ దగ్గర ఇంగ్లీషు 'e' అక్షరం కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 నొక్కితే లోపలికి వెళ్లే వీలు దొరుకుతుంది; డ్రైవర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఉబుంటు నుంచి విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక చూపిస్తే అది జబ్బు కాదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ ద్వారా స్థానిక సమయం వాడమని చెబితే తేడా ఉండదు. పవర్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళుతుంటే మాత్రం మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందని అర్థం. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సీఆర్2032 అనే బిళ్ల ఉంటుంది, అది మార్చాక బూట్ వరుసనూ, డిస్క్‌తో మదర్‌బోర్డు మాట్లాడే పద్ధతి అయిన సాటా మోడ్‌నూ మళ్లీ సరిచూసుకోవాలి. సాటా మోడ్ ముందున్నట్టు లేకపోతే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది.

మరమ్మతు ఆదేశాలు అసలు నడపకూడని సందర్భం ఒకటుంది. సెటప్ తెరలో డిస్క్ పేరు ఒకసారి కనిపించి మరోసారి కనిపించకపోతే, లైవ్ యూఎస్‌బీలో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ పరీక్ష ఫెయిల్ అని చూపిస్తే, లేదా హార్డ్ డిస్క్ నుంచి టకటకమని శబ్దం వస్తుంటే, లోపం గ్రబ్‌లో లేదు, డిస్క్‌లోనే ఉంది. ఎఫ్‌ఎస్‌సీకే వంటివి నడిపితే చచ్చే డిస్క్ మీద మరింత భారం పడుతుంది. లైవ్ ఉబుంటులోంచే ముందు ప్రాజెక్టు ఫోల్డర్, తర్వాత ఫోటోలు, ఆ తర్వాత మిగతావి, ఈ వరుసలో బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. అది పూర్తయ్యాక డిస్క్ మార్పించి, కొత్తదాని మీద ముందు విండోస్, దాని తర్వాత ఉబుంటు వేయించుకోవాలి.